కాగితం కెపాసిటర్‌కి చెమ్మ పడితే

నేను చేత్తో చుట్టిన మొదటి కెపాసిటర్ ఒక్క రాత్రిలో పెరిగిపోయింది. కెపాసిటర్ అంటే రెండు రేకుల మధ్య ఛార్జిని దాచుకునే వస్తువు, ఎంత దాచగలదో ఫారడ్లలో కొలుస్తారు. సాయంత్రం మీటరు పెట్టి చూస్తే 19 నానోఫారడ్లు. పొద్దున్న లేచి చూస్తే 31. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పెట్టిన అలమరలోనే ఉంది. రాత్రంతా ముసురు పట్టింది, అంతే తేడా.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పని చేస్తాను. తెల్లారేసరికి రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేస్తారు. ఉప్పు ఎంత ఉందో, పీహెచ్ ఎంతో, అమ్మోనియా ఎంతో చూసి చీటీ రాసిస్తాను. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ కాదు. నాలుగేళ్ల కిందట ల్యాబులో ఉప్పు కొలిచే మీటరు ఆగిపోతే, విప్పి చూశాను. లోపల ఒక కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. కొత్తది వేయించగానే మీటరు లేచి కూర్చుంది. పాతదాన్ని పారేయబుద్ధి కాలేదు. రెండు కాళ్లూ కలిపి ఛార్జి లేదని చూసుకుని, బ్లేడుతో కోశాను. లోపలంతా చుట్టే. పల్చటి అల్యూమినియం రేకు, తడి కాగితం, మళ్లీ రేకు, మళ్లీ కాగితం. ఆత్రేయపురం పూతరేకు విప్పినట్టు పొర మీద పొర ఊడి వచ్చింది. ఇంటర్లో గీతలు గీసి మార్కులు తెచ్చుకున్న వస్తువు లోపల ఇంత మామూలు సరుకు ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఇది నేనూ చుట్టగలను కదా అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే వంటింట్లో ఫాయిల్ రోలు, పుస్తకాల దుకాణంలో బటర్ పేపరు తెచ్చాను. మూడు సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు చొప్పున రెండు ఫాయిల్ పట్టీలు కోశాను. వాటి మధ్య, పైన కాస్త వెడల్పాటి కాగితం పట్టీలు. కాగితం మందం తెలియాలి కాబట్టి నలభై పొరలు కలిపి నొక్కి కొలిచాను, మూడు మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఒక్కోటి 0.075. చుట్టేసినప్పుడు ప్రతి రేకుకీ రెండు వైపులా ఎదుటి రేకు వస్తుంది కాబట్టి వైశాల్యం రెట్టింపు వేసుకోవాలి. లెక్క కడితే సుమారు 18 నానోఫారడ్లు రావాలి. 19 వచ్చింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను, మా అమ్మని వంట మధ్యలో లాక్కొచ్చి మీటరు చూపించాను.

పొద్దున్నకి 31. ఓమ్‌లలో పెట్టి చూస్తే రెండు మెగా ఓమ్‌లు చూపిస్తోంది. కరెంటు పారకూడని కాగితంలోంచి కరెంటు కారుతోంది.

కెపాసిటర్ సూత్రంలో వైశాల్యం, మందంతో పాటు కె అని ఒక అక్షరం ఉంటుంది. మన పుస్తకాల్లో రోధక స్థిరాంకం అంటారు. శూన్యానికి అది 1. ఎండిన కాగితానికి రెండున్నర అటూ ఇటూ. మైనానికి రెండు పైచిలుకు. నీళ్లకి 80. పరీక్ష కోసం ఈ పట్టిక బట్టీ పట్టినప్పుడు, ఆఖరి అంకె మా ఊరి గాలిలో తేలుతోందని ఎవరూ చెప్పలేదు. కాగితం గాలిలో చెమ్మని తాగుతుంది. కాస్త నీళ్లు చేరినా 80 పక్కన రెండున్నర ఏపాటి? విలువ పెరిగింది అందుకే. మరి కారడం ఎందుకు? అది నా ఉద్యోగం చెప్పింది. డిస్టిల్డ్ వాటర్లో కరెంటు సరిగ్గా పారదు, చెరువు నీళ్లలో హాయిగా పారుతుంది, తేడా అంతా ఉప్పులోనే ఉంది. రోజూ మీటరు మీద చూసే సంగతే. కాగితంలో తయారీ నాటి లవణాలు కొన్ని ఉంటాయి. వాటికి నా వేళ్ల చెమట తోడైంది. పైన సముద్రం వైపు నుంచి వచ్చే గాలి.

ఇంకా బాధ కలిగించింది 19. లెక్కకి దగ్గరగా వచ్చిందని మురిసిపోయాను కదా, నిజానికి చేత్తో చుట్టిన చుట్టలో పొరల మధ్య గాలి సందులు ఉండి తీరతాయి, లెక్క కన్నా బాగా తక్కువ రావాలి. ఆ సాయంత్రానికే కాగితం చెమ్మ తాగేసి, గాలి తగ్గించిన దాన్ని నీళ్లు పెంచి సరిచేశాయి. రెండు తప్పులు కలిసి నాకు సరైన జవాబు ఇచ్చాయి. అప్పటి నుంచీ లెక్కకి అతికినట్టు వచ్చే అంకెని ఒకటికి రెండుసార్లు అనుమానిస్తాను.

మా మేనమామకి మోటారు వైండింగు షాపు ఉంది. ఇటు చెరువులు పెరిగాక, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు రోజూ నాలుగైదు కాలిపోయి వస్తాయి. ఆదివారం చుట్ట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. నా దగ్గర కరెంటు సామాను చూసి చాలామంది అడిగే మాట, “కొంటే రూపాయికి వచ్చేదానికి ఎందుకమ్మా” అని, మావయ్య ఎప్పుడూ అనలేదు. ఆయన లోకంలో ప్రతి వస్తువూ విప్పి మళ్లీ చుట్టేదే.

చుట్టని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, “ఎప్పుడు చుట్టావే?” అన్నారు.

“గురువారం, మావయ్యా.”

“గురువారం వాన. కాగితం ఆరబెట్టావా?”

“లేదు.”

“మరి? చెమ్మ లోపలుండగా వార్నిష్ కొడితే దాన్ని లోపల పెట్టి తాళం వేసినట్టే అమ్మాయ్. ఆ మోటారు మళ్లీ నెల తిరక్కుండా ఇక్కడికే వస్తుంది. ముందు కాచాలి. వేడి మీదుండగానే పొయ్యాలి.”

షాపులో మూలగా ఒక రేకుల పెట్టె ఉంటుంది, పాత వంద వాట్ల బల్బులు రెండు వేలాడుతూ. చుట్టిన మోటారు బాడీలు అందులో పెట్టి కాస్తారు. వార్నిష్ పోసే ముందు ఒకసారి, పోశాక ఒకసారి. అక్కడే ఒక చివర నా చుట్టనీ పెట్టించారు, బల్బుకి జానెడు దూరంలో. నాలుగు గంటలయ్యాక తీసి కొలిస్తే 12 నానోఫారడ్లు. ఓమ్‌లలో మీటరు ఇక అంకె చూపించలేదు, దాని హద్దు దాటిపోయింది. 12 చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ అది నిజమైన అంకె. కాగితం, గాలి, అంతే ఉన్నాయి లోపల.

తర్వాత మైనం. వార్నిష్ బదులు కొవ్వొత్తులు కరిగించాను. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద పెడితే మైనం అంటుకుంటుంది. చేసేవాళ్లెవరైనా ఉంటే ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. వేడి చుట్టని వేడి మైనంలో దించాను. ఒక నిమిషం ఏమీ లేదు. అప్పుడు చుట్ట అంచుల నుంచి సన్నటి బుడగలు వరసగా లేచాయి, ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, చేప పిల్ల ఊపిరి తీసినట్టు. పొరల మధ్య గాలి బయటికి వస్తోంది, దాని చోటులోకి మైనం వెళుతోంది. కాస్త ఆగిపోయాయి అనుకుంటే మళ్లీ ఒక మూల నుంచి నాలుగు. బుడగలు పూర్తిగా నిలిచేదాకా ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాను, షాపులో గ్రైండరు మోత కూడా వినపడలేదు. తీసి చల్లార్చి కొలిస్తే 16. గాలి 1, మైనం రెండు పైచిలుకు, కాబట్టి పెరగాలి, పెరిగింది. వారం పోయాక కొలిచినా 16. పక్కనే మైనం పుయ్యకుండా ఉంచిన రెండో చుట్ట మళ్లీ వానకి పాతికకి పోయింది.

మావయ్య తన మెగ్గర్ తెచ్చి పరీక్ష చేశారు. 500 వోల్టుల మీటరు అది, మోటారు వైండింగులో లీకేజీ చూడటానికి వాడతారు. మైనం చుట్ట ముల్లు చివరిదాకా కొట్టింది. ఆయన చూసి “మోటారుకన్నా మేలు” అన్నారు. నాకు డిగ్రీ పట్టా కన్నా ఆ మాట ఎక్కువ. (మెగ్గర్ పెట్టాక చుట్టలో ఛార్జి ఉంటుంది, కాళ్లు కలిపి తీసేయాలి. ఇంట్లో చుట్టిన కెపాసిటర్‌ని మాత్రం ఎప్పుడూ గోడ ప్లగ్గుకి కలపకండి.)

ఇళ్లల్లో ఒకప్పుడు వాడిన వాల్వు రేడియోల్లో ఉండేవి ఇవే, మైనం కాగితం కెపాసిటర్లు. కాలం గడిచేకొద్దీ అవి చెమ్మ పట్టి లీకవుతాయి, పాత రేడియోలు బాగుచేసేవాళ్లు ముందుగా వాటినే మార్చేస్తారు.

చెమ్మ గురించి చదువుతూ పోతే నాకు అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ సంగతి తగిలింది. కెపాసిటర్ల పుట్టుక 1745-46లో జరిగింది. అటు జర్మనీలో ఫాన్ క్లైస్ట్, ఇటు హాలెండులోని లైడెన్ ఊళ్లో ముషెన్‌బ్రోక్, ఎవరికి వారే గాజు సీసాలో ఛార్జి నిలవుంటుందని కనుక్కున్నారు. లైడెన్ జాడీ అన్న పేరు అలా వచ్చింది. తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ జాడీ లోపలి నీళ్లని ఒంపేసి, కొత్త నీళ్లు పోసి చూశాడు. గాజు పలకకి ఆనించిన సీసం రేకుల్ని తీసి, మళ్లీ పెట్టీ చూశాడు. ఛార్జి పోలేదు. కాబట్టి ఛార్జి ఉండేది లోహంలో కాదు, గాజులో అన్నాడు. దాదాపు రెండు వందల ఏళ్లు పాఠాల్లో అదే చెప్పారు. 1922లో అడెన్‌బ్రూక్ అనే ఆయన ఆ ప్రయోగాన్నే గాజు బదులు మైనంతో చేసి చూస్తే, ఛార్జి లోహంతో పాటు వెళ్లిపోయింది. గాజు ఒంటి మీద కంటికి కనపడని చెమ్మ పొర ఉంటుంది, లోహం తీసినా ఛార్జి ఆ పొరని పట్టుకుని ఉండిపోతుంది. ఇది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను. ఫ్రాంక్లిన్ అంతటి వాణ్ణి తప్పుదారి పట్టించిందీ, మా అలమరలో నా చుట్టని పెంచిందీ ఒకటే.

కెపాసిటర్ కుదిరాక రేడియో కట్టకుండా ఉండలేకపోయాను. బ్యాటరీ లేని రేడియో. తీగచుట్టకి వైరు షాపులోదే, 26 గేజి ఎనామిల్ వైరు. బయటి కొలత 75 మిల్లీమీటర్లున్న పీవీసీ పైపు ముక్క మీద యాభై చుట్లు, పన్నెండు మీటర్ల వైరు. పాత గుడ్డ ముక్కని రెండు వేళ్లతో నొక్కి దాని మధ్య నుంచి వైరు లాగితే వంకర పోకుండా వస్తుందని మావయ్య చూపించారు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆయన జవాబు ఇవ్వరు, ఎందుకో ఆ రోజు అర్థమైంది. లెక్కకి ఇది 235 మైక్రోహెన్రీలు. ఏ స్టేషన్ పట్టాలో తేల్చేది తీగచుట్ట, కెపాసిటర్ల జంట. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ పట్టాలంటే దీనికి సుమారు 150 పికోఫారడ్లు జతపడాలి. దానికి పుస్తకం లాంటి కెపాసిటర్ చేశాను. రెండు అట్టలకి జానెడు కన్నా చిన్న ఫాయిల్ పలకలు అతికించి, ఒకదాని మీద ప్లాస్టిక్ షీటు వేసి, ఒక అంచున బట్టతో కలిపాను. పుస్తకం మూస్తే విలువ పెరుగుతుంది, తెరిస్తే తగ్గుతుంది.

ఏరియల్ రెండు కొబ్బరి చెట్ల మధ్య పాతిక మీటర్ల తీగ, కరెంటు స్తంభాలకి దూరంగా. ఎర్త్ పెరట్లో చేతిపంపు ఇనప పైపు. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లే, ఇంతకన్నా మంచి ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది! చెమ్మ అన్నిచోట్లా శత్రువు కాదని అక్కడ తెలిసింది. తడి నేల మీద మీడియం వేవ్ తరంగం తక్కువ నష్టంతో సాగుతుంది. విజయవాడ మాకు వంద కిలోమీటర్ల పైమాటే, మధ్యలో కొండలేమీ లేవు, నీళ్లున్న పొలాలు తప్ప.

డిటెక్టరు, అంటే తరంగంలోంచి మాటని విడదీసే భాగం, దాని దగ్గర పది రోజులు పట్టింది. తరంగంలో ఒక సగాన్ని వదిలి ఒక సగాన్ని ఆపేది కావాలి. ఈ పనికి సహజంగా దొరికే గెలీనా, అంటే సీసపు ఖనిజం, పనికొస్తుందని మనవాడే, జగదీశ్ చంద్రబోస్, 1901లో అమెరికాలో పేటెంటుకి దరఖాస్తు చేశాడు, 1904లో వచ్చింది. పల్నాడులో అగ్నిగుండాల వైపు సీసం గనులు ఉండేవి కానీ నాకు రాయి చేతికి అందలేదు. అందుకని 1944లో ఇటలీలో ఆంజియో దగ్గర కందకాల్లో ఉన్న సైనికులు చేసుకున్నట్టు బ్లేడు, పెన్సిలు పట్టుకున్నాను. గెడ్డం బ్లేడుని పట్టకారుతో గ్యాసు మంట మీద నీలం రంగు తిరిగేదాకా పట్టుకోవాలి. ఆ నీలం ఉక్కు మీద ఏర్పడిన ఆక్సైడు పొర. పిన్నీసు కొనకి పెన్సిలు ముక్కు కట్టి, ఆ నీలం మీద ఒక్కో చోట ఆనించి వినాలి. బరువుగా ఆనిస్తే పనిచేయదు, తేలిగ్గా ఆనిస్తే నిలవదు. క్రిస్టల్ ఇయర్‌ఫోను మాత్రం కొన్నదే.

పదో రోజు రాత్రి అన్నం తిని కూర్చున్నాను. పిన్నీసు బ్లేడు అంచుకి కాస్త లోపలగా ఆగింది. గుసగుసలా ఒక మాట. ఊపిరి బిగబట్టాను. “ఆకాశవాణి, విజయవాడ కేంద్రం” అన్నది స్పష్టంగా వినిపించింది. అమ్మకి ఇయర్‌ఫోను ఇస్తే చెవిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది, కళ్లు చెమర్చాయి. తాతగారి రేడియో గుర్తొచ్చిందట. నేను పుస్తకం దగ్గరికి చెయ్యి జరిపితే స్టేషన్ పక్కకి పోతోంది, తీస్తే వస్తోంది. మనిషి ఒంట్లో ఉన్నదీ ఉప్పునీళ్లే, నా చెయ్యి కూడా అక్కడ ఒక రేకే. ఉరుము వినపడగానే ఏరియల్ ఊడదీసి బయట పడేస్తాను, అందులో మినహాయింపు లేదు.

పెన్సిల్ గీతల రెసిస్టర్లు కూడా చేశాను. అవీ వానకి మారతాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది ఆ కొన్న ఇయర్‌ఫోను. అదీ ఇంట్లోదే కావాలి. పాతకాలం క్రిస్టల్ ఇయర్‌ఫోన్లలో రోషెల్ ఉప్పు స్ఫటికం ఉండేది. దాన్ని నొక్కితే వోల్టేజి వస్తుంది, వోల్టేజి ఇస్తే కదులుతుంది. క్యూరీ అన్నదమ్ములు 1880లో ఈ గుణాన్ని కొన్ని స్ఫటికాల్లో చూపించారు, వాటిలో ఇదీ ఉంది. దీనికి మూలం టార్టారిక్ ఆమ్లం, చింతపండులో పుల్లదనం దానిదే. నేను మాత్రం కేకుల సామాను అమ్మే చోట క్రీమ్ ఆఫ్ టార్టార్ కొన్నాను. వేడి నీళ్లలో కలిపి, చాకలి సోడా చిటికెడు చిటికెడు వేస్తూ పోతే ప్రతిసారీ బుసబుస పొంగుతుంది. పొంగడం ఆగి నీరు తేరుకున్నాక వడకట్టి, దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీశాను. తొమ్మిది రోజులకి బొటనవేలంత స్ఫటికం, పటికబెల్లం కన్నా తేటగా. రెండు ముఖాలకి ఫాయిల్ అతికించి యాంప్లిఫయరుకి కలిపి గోటితో గీరితే స్పీకర్లో బరబరమంది.

ఇది వాన నెలలు కదా, కాపాడుకోవాలని మావయ్య పాఠమే పాటించాను. వేడి మైనంలో ముంచాను. కళ్లముందే అంచులు గుండ్రమై, జారి, గిన్నె అడుక్కి పోయింది.

రెండో స్ఫటికాన్ని ల్యాబు నుంచి తెచ్చిన, చెమ్మ పీల్చే సిలికా జెల్ సీసాలో పెట్టాను. నాలుగు రోజుల్లో దాని ఒళ్లంతా సున్నం రాసినట్టు తెల్లబడి పొడి రాలింది.

కెమిస్ట్రీ చదివిన నాకు ముందే తట్టాల్సింది. రోషెల్ ఉప్పు అణువు ఒక్కోటీ నాలుగు నీటి అణువుల్ని పట్టుకుని ఉంటుంది. ఆ నీళ్లు అంటుకున్న చెమ్మ కాదు, స్ఫటికం నిలబడింది వాటి మీదే. కాగితంలోంచి వెళ్లగొట్టినట్టు వెళ్లగొడితే ఇల్లు కూలిపోతుంది. వేడి చేస్తే తన నీళ్లలో తనే కరుగుతుంది. మరీ పొడి గాలిలో పెడితే నీళ్లు పోగొట్టుకుని పొడవుతుంది. మరీ చెమ్మగాలిలో పెడితే బయటి నీళ్లు తాగి కరిగిపోతుంది. నడిమధ్యన ఉంచాలి.

మావయ్యకి చెబితే చాలాసేపు ఆలోచించారు. “అయితే కాచకూడదు, ఆరబెట్టకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టు మూసెయ్యాలన్నమాట” అన్నారు. వేడి అక్కర్లేకుండా గాలికి ఆరే వార్నిష్ డబ్బా తీసిచ్చారు. మూడో స్ఫటికానికి పల్చగా రెండు పూతలు పూశాను, దానికి తోడు ఇంకో దానికి గోళ్లరంగు. రెండూ రేడియో పక్కన అలమరలో ఉన్నాయి, ఆ మొదటి చుట్ట పెట్టిన అలమరే. పదిహేను రోజులుగా వాన. పొద్దున్నే ల్యాబుకి వెళ్లేముందు రెండింటినీ గోటితో ఒకసారి గీరి వింటున్నాను. గోళ్లరంగుది మొన్నటి నుంచి కాస్త మందగించింది. వార్నిష్‌ది ఇవాళ కూడా బరబరమంటోంది.